ఒంటి చేత్తో తెరవాల్సిన గ్రంథం: పెద్ద అక్షరాల తెలుగు బైబిలు, రెండున్నరేళ్ల వాడకం తర్వాత

మా అమ్మకు వారానికి మూడు రోజులు, రోజుకు నాలుగు గంటల చొప్పున డయాలసిస్ జరుగుతుంది. ఆ నాలుగు గంటలూ ఫిస్టులా, అంటే సూదులు గుచ్చడానికి ఆపరేషనుతో రక్తనాళాలు కలిపిన చోటు, ఉన్న ఎడమ చెయ్యి కదపకూడదు. కుడి చేతికి బీపీ పట్టీ చుట్టి ఉంటుంది, అరగంటకోసారి అది దానంతటదే బిగుసుకుంటుంది. ఈ స్థితిలో, షుగరు వల్ల చూపు మందగించిన 71 ఏళ్ల మనిషి చదువుకోవడానికి వీలైన తెలుగు బైబిలు ఏదైనా దొరుకుతుందా అన్న ప్రశ్నతో రెండున్నరేళ్ల కిందట గుంటూరులో ఒక క్రైస్తవ పుస్తకాల షాపు మెట్లెక్కాను. అక్కడ కొన్న పెద్ద అక్షరాల పరిశుద్ధ గ్రంథం గురించే ఈ సమీక్ష. కొన్న మర్నాడు రాసి ఉంటే అట్ట గురించీ ధర గురించీ నాలుగు వాక్యాలు రాసి ఊరుకునేదాన్ని. ఈ రెండున్నరేళ్లలో ఆ పుస్తకం మా ఇద్దరికీ చేసినదేమిటో చెప్పకుండా దాని మంచిచెడ్డలు చెప్పడం ఇప్పుడు నాకు సాధ్యం కాదు.

ముందు వస్తువు సంగతి. ఇది పాత అనువాదం. పాత నిబంధనలోని 39 పుస్తకాలు, కొత్త నిబంధనలోని 27 పుస్తకాలు ఒకే సంపుటంలో ఉన్నాయి. నల్లని రెగ్జిన్ అట్ట, చుట్టూ జిప్పు, గుర్తు పెట్టుకోవడానికి ఒకే ఒక రిబ్బను, చివర నాలుగు పటాలు. వంటింటి కాటా మీద పెట్టి చూస్తే కిలోన్నరకు కాస్త పైనే తూగింది. నేను కొన్నప్పుడు వెయ్యి రూపాయల లోపే అయింది. అంతకుముందు అమ్మ చదివింది మా అమ్మమ్మ వదిలివెళ్లిన చిన్న బైబిలు. పాత చీర ముక్కలో చుట్టి బీరువాలో దాచుకునే పుస్తకం అది. అందులో అక్షరాలు ఆవగింజలంత ఉండేవి. చూపు సన్నగిల్లిన తర్వాత కూడా అమ్మ దాన్నే తెరిచి చదువుతున్నట్టు కనిపించేది కానీ, నిజానికి కంఠస్థం వచ్చినదాన్నే వల్లిస్తోందని, పేజీ మీద వేలు ఒకచోట ఉంటే నోటి మాట మరోచోట ఉందని నేను ఆలస్యంగా గమనించాను.

పెద్ద అక్షరాలంటే ఇంగ్లీషు పుస్తకానికి ఒక లెక్క, తెలుగు పుస్తకానికి వేరే లెక్క. మన లిపిలో అక్షరం కింద వత్తు, పైన గుడి, పక్కన కొమ్ము ఉంటాయి కాబట్టి అక్షరం సైజు ఒక్కటే పెంచి వరుసల మధ్య చోటు పెంచకపోతే పై వరుస వత్తులు కింది వరుస తలకట్టుల మీద కూర్చుంటాయి. షాపులో నేను పక్కన పెట్టేసిన రెండు రకాల ప్రతుల్లో సరిగ్గా ఇదే జరిగింది. వాటిలో అక్షరం పెద్దదే, అయినా వరుస ఊపిరాడనట్టు ఉంది. ఈ ప్రతిలో వరుసల మధ్య చోటు ధారాళంగా ఉంది. చూపు తగ్గినవారికి థ, ధ వేరుచేసే చుక్క, ప, ఫ వేరుచేసే గీత, మ, య మధ్య ఉన్న చిన్న తేడా చాలా పెద్ద విషయాలు. షాపులో అమ్మకు ఫోను వీడియోలో చూపించి లాభం లేదని, ఒక పేజీ ఫొటో తీసి కాగితం మీద అసలు సైజులో ప్రింటు తీయించి ఇంటికి పట్టుకెళ్లాను. అమ్మ కళ్లజోడు సవరించుకుని, కిటికీ దగ్గరికి జరిగి, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ "గాఢాంధకారపు" అన్న మాట పూర్తిగా చదివింది. మళ్లీ మొదటి అక్షరం నుంచి ఇంకోసారి చదివింది. మర్నాడే వెళ్లి కొన్నాను.

కాగితం పలచన, బైబిళ్లన్నిటికీ ఉన్నదే. ట్యూబులైటు కింద వెనక పేజీ అక్షరాలు లీలగా కనిపిస్తాయి. చదివే పేజీ కింద ఒక నల్ల కాగితం పెట్టుకుంటే ఆ బాధ తీరుతుంది. యేసు పలికిన మాటలు ఎర్ర సిరాతో అచ్చు వేశారు. ఆ భక్తిని గౌరవిస్తాను కానీ, కంటిపొర ఉన్నవారికి మసక వెలుతురులో ఎరుపు కంటే నలుపే స్పష్టంగా కనిపిస్తుందన్నది ముద్రించేవారు ఆలోచించాల్సిన విషయం. నాలుగు సువార్తలనూ అమ్మకు ఇప్పటికీ నేనే చదివి వినిపిస్తాను. కుట్టు బైండింగు గట్టిగా ఉంది, రెండున్నరేళ్లలో ఒక్క పేజీ ఊడలేదు. కాకపోతే ఆదికాండం తెరిచినా ప్రకటన గ్రంథం తెరిచినా ఒక వైపు బరువుకు పుస్తకం దానంతటదే మూసుకుపోతుంది. సరిగ్గా నడుమ తెరిస్తే మాత్రం చదునుగా పరుచుకుంటుంది. ఆ నడుమ ఉండేవి కీర్తనలు. ఒంటి చేత్తో పుస్తకం పట్టుకున్న మనిషికి అన్నిటికంటే సులువుగా తెరుచుకునేది కీర్తనల గ్రంథమే కావడం బైండింగు పుణ్యమే అయినా, మేము ఆ చోటి నుంచే మొదలుపెట్టాం.

అనువాదం ఎంపిక గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఇప్పుడు వాడుక భాషలో చేసిన తెలుగు అనువాదాలు కూడా దొరుకుతున్నాయి. మా బడిలో నా దగ్గర చదువుకున్న పిల్లలు ఎవరైనా అడిగితే వాటినే కొనమంటాను. "చేయుచున్నాడు", "కలుగజేయును", "ఏల" వంటి మాటలు వారికి గోడలా అడ్డం నిలుస్తాయి. కానీ ఆదివారపు బడిలో వచనాలు అప్పజెప్పి పెరిగిన అమ్మ తరానికి పాత అనువాదమే మాతృభాష. కొత్త అనువాదం ఒకటి చదివి వినిపిస్తే అమ్మ ప్రతి వాక్యం దగ్గరా ఆగి, తనకు వచ్చిన మాటలతో దాన్ని సరిదిద్దింది. నొప్పితో ఉన్న మనిషికి తెలిసిన మాట తెలిసిన వరుసలోనే వినబడాలి. మీరు ఎవరికోసం కొంటున్నారో వారు చిన్నప్పుడు ఏది విన్నారో కనుక్కుని అదే కొనండి.

పాత అనువాదం కొన్న ఇంకో లాభం నాకు తర్వాత తెలిసింది. ఇందులో కొన్ని మాటలకు మనం రోజూ వాడే అర్థం వేరు, గ్రంథంలో అర్థం వేరు. బజారు తెలుగులో శ్రమ అంటే పని, కష్టపడి చేసే పని. బైబిలు తెలుగులో శ్రమ అంటే బాధ, హింస, ఇక్కట్లు. బజారు తెలుగులో నిరీక్షణ అంటే ఎదురుచూపు, బస్సు కోసమో పరీక్ష ఫలితాల కోసమో పడే పడిగాపులు. బైబిలు తెలుగులో నిరీక్షణ అంటే ఆశాభావం. రోమా పత్రిక అయిదో అధ్యాయంలో పౌలు శ్రమ నుంచి ఓర్పు, ఓర్పు నుంచి పరీక్ష, పరీక్ష నుంచి నిరీక్షణ పుడతాయని గొలుసు కట్టాడు. చిన్నప్పుడు ఆ వచనం అప్పజెప్పి ఆదివారపు బడిలో బహుమతిగా పెన్సిలు తెచ్చుకున్న నాకు, ఆ గొలుసులోని చివరి కొస "ఎదురుచూపు" అనే మాటతోనే ఎందుకు చెప్పారన్నది డయాలసిస్ గది బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న తర్వాతే అర్థమైంది. ఆశ వచ్చాక ఎదురుచూడటం ఆగిపోతుందని నేను అనుకునేదాన్ని. ఆశ అంటే ఎదురుచూడటం చేతనవడమేనని ఆ మాటను మన భాషలోకి తెచ్చినవారు ముందే చెప్పిపెట్టారు. చిన్న అక్షరాల పుస్తకంలో ఈ మాటల మీదుగా కళ్లు జారిపోయేవి. అక్షరం పెద్దదై, చదివే వేగం తగ్గాక ఒక్కొక్క మాట దగ్గర నిలబడక తప్పలేదు.

డయాలసిస్ రోగికి అన్నిటికంటే పెద్ద కష్టం సూది కాదు, దాహం. అమ్మకు రోజుకు ముప్పావు లీటరుకు మించి ద్రవం లోపలికి పోకూడదని డాక్టరు చెప్పారు. అందులోనే టీ, మజ్జిగ, మాత్రలు మింగే నీళ్లు అన్నీ కలిసి ఉండాలి. ఎక్కువైతే ఒళ్లు వాస్తుంది, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, తర్వాతి సారి మిషను అంత నీటిని లాగేటప్పుడు బీపీ పడిపోయి కాళ్ల పిక్కలు పట్టేస్తాయి. కొబ్బరినీళ్లు వద్దు, అరటిపండు వద్దు, సపోటా వద్దు, వాటిలో పొటాషియం ఎక్కువ. మొదటి వేసవిలో, మే నెల ఎండల్లో, అమ్మ మంచుముక్క ఒకటి నాలుక మీద పెట్టుకుని కళ్లు మూసుకుని ఉండగా నేను వరసలో వచ్చిన 42వ కీర్తన చదవడం మొదలుపెట్టాను. దుప్పి నీటివాగు కోసం తపించినట్టు తన ప్రాణం దేవుని కోసం తపిస్తోందని ఆ కీర్తన మొదలవుతుంది. చదివిన మరుక్షణం నాలుక కరుచుకున్నాను. నీళ్ల ఊసే ఎత్తకూడని మనిషి ముందు వాగుల గురించి చదివానే అని పేజీ తిప్పబోయాను. అమ్మ కళ్లు తెరవకుండానే, "తిప్పకమ్మా. అది రాసినోడికి దాహమంటే తెలుసు" అంది.

ఆ కీర్తనలో మనిషి తన ప్రాణాన్ని తనే పిలిచి, ఎందుకు కుంగిపోతున్నావని అడుగుతాడు. 42, 43 కీర్తనల్లో కలిపి ఆ ప్రశ్న మూడుసార్లు వస్తుంది. ఒకసారి అడిగితే తీరిపోలేదన్నమాట. అమ్మ ఆ తర్వాత చాలా రోజులు ఇంట్లో నీళ్ల గ్లాసు వైపు చెయ్యి సాగినప్పుడల్లా పైకి ఏమీ అనకుండా ఆ ప్రశ్న పెదాలతో అనుకునేది. దాహం తగ్గిందని నేను చెప్పను, తగ్గలేదు. బరువు చూసే రోజు మాత్రం అంతకుముందుకంటే కిలో తక్కువగా రావడం మొదలైంది.

నా కథ అమ్మ కథంత తిన్నగా నడవలేదు. నా మూత్రపిండం ఒకటి అమ్మకు ఇస్తానని ముందుకు వెళ్లాను. పరీక్షలన్నీ అయ్యాక నాకూ షుగరు మొదలవుతోందని, కాబట్టి నేను దాతగా పనికిరానని తేలింది. ఆ కాగితం చేతికొచ్చిన రోజు నేను ప్రార్థన చేయలేదు. ఆ మరుసటి మూడు వారాలూ చేయలేదు. అమ్మకు చదివి వినిపించడం మాత్రం ఆపలేదు, ఎందుకంటే అది అమ్మ పని, నా పని కాదు. రోజుకు కొన్ని కీర్తనల చొప్పున వరసగా పోతుండగా 88వది వచ్చింది. కీర్తనలు 150లో సుమారు మూడో వంతు మొరలే. వాటిలో దాదాపు అన్నీ ఏడుపుతో మొదలై ఏదో ఒక చోట స్తుతి వైపు మలుపు తిరుగుతాయి. 88వ కీర్తన మలుపు తిరగదు. 18 వచనాలూ చీకటిలోనే నడిచి చీకటి దగ్గరే ఆగిపోతుంది. మా సంఘంలో దాని మీద ప్రసంగం నేను ఎన్నడూ వినలేదు. నేను చదవడం ముగించి, పేజీలో ఇంకా ఏమైనా మిగిలిందేమోనని కింద వెతికాను. అక్కడ 89వ కీర్తన మొదలైంది, అంతే. ఇంత చీకటిని సర్దకుండా, చివర ఒక తీపి మాట అంటించకుండా, పరిశుద్ధ గ్రంథంలోనే ఉంచారంటే, మూడు వారాలుగా నేను నోరు మూసుకుని మోస్తున్నదాన్ని కూడా ఇక్కడికి తీసుకురావచ్చని ఆ సాయంత్రం నాకు తోచింది. ఆ రాత్రి చేసిన ప్రార్థనలో స్తోత్రం లేదు, ఫిర్యాదే ఉంది. నా విశ్వాసం పెరిగిందని చెప్పుకోగల రోజు ఏదైనా ఉంటే అది అదే.

మమ్మల్ని పరామర్శించడానికి వచ్చినవారిలో ఒకరు, అమ్మ మంచం పక్కనే నిలబడి, విశ్వాసం సరిపోయినంత ఉంటే ఈపాటికి స్వస్థత వచ్చేదని అన్నారు. ఆ మాట అన్నవారి మీద నాకు కోపం చాలా రోజులు ఉంది. ఇలాంటి మాటలు రోగి గదుల్లో ఎక్కువగానే వినబడుతున్నాయి కాబట్టి చెబుతున్నాను. ఆ మాటకు జవాబు ఈ పుస్తకంలోనే ఉంది. అన్నీ పోగొట్టుకుని జబ్బుపడ్డ యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ముగ్గురూ మొదటి ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేల మీద అతని పక్కన నోరు విప్పకుండా కూర్చున్నారు. వారు చేసిన మంచి పని అదొక్కటే. నోరు విప్పి కారణాలు చెప్పడం మొదలుపెట్టాకే తప్పు చేశారని యోబు గ్రంథం 42వ అధ్యాయంలో దేవుడే అంటాడు. పౌలు తన శరీరంలోని ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడని రెండవ కొరింథీ పత్రిక 12వ అధ్యాయంలో ఉంది. ముల్లు పోలేదు, కృప చాలునన్న మాట వచ్చింది. పౌలుకు విశ్వాసం తక్కువైందని ఎవరం అనం. అమ్మ ఆ సందర్శకులకు జవాబు ఏమీ చెప్పలేదు. వారు వెళ్లాక, "పాపం, ఆయనకి జబ్బు చెయ్యలేదు" అని మాత్రం అంది.

ఈ పుస్తకం ఎన్ని కష్టాల మీదుగా తెలుగులోకి వచ్చిందో తెలిసినప్పటి నుంచి దీన్ని తెరిచే తీరు నాకు మారింది. జర్మన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ 18వ శతాబ్దంలోనే మద్రాసులో బైబిలును తెలుగు చేశాడు కానీ అది అచ్చుకు నోచుకోలేదు. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ విశాఖపట్నం వచ్చారు. తెలుగు నేర్చుకుని, క్రైస్తవుడైన ఆనందరాయరు అనే బ్రాహ్మణ పండితుని సాయంతో సువార్తలు తర్జుమా చేయడం మొదలుపెట్టారు. క్రాన్ 1809లో, డెగ్రాంజెస్ 1810లో మరణించారు. వారి తర్జుమాలోని మూడు సువార్తలు 1812లో బెంగాలులోని శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. అంటే పని మొదలుపెట్టిన ఆ ఇద్దరూ అచ్చయిన తెలుగు సువార్తను కళ్లతో చూడలేదు. వారి తర్వాత ఎడ్వర్డ్ ప్రిచెట్ తర్జుమా చేసిన కొత్త నిబంధన 1818లో మద్రాసులో వెలువడింది. నిరీక్షణ అన్న మాటను ఇందులో ఎవరు మొదట ఎంచుకున్నా, ఎదురుచూపంటే ఏమిటో తెలిసినవారి మధ్యే అది పుట్టి ఉంటుందని నేను నమ్ముతాను.

అమ్మ పుట్టిల్లు ఒంగోలు వైపు. డయాలసిస్ మిషను మెత్తగా నడిచే రోజుల్లో, బీపీ నిలకడగా ఉంటే, అమ్మ తన నాయనమ్మ దగ్గర విన్న కరవు కథలు చెబుతుంది. 1876 నుంచి 1878 దాకా వచ్చిన పెద్ద కరవులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్లు తవ్వే కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవారికి పని ఇచ్చి కూలి ఇచ్చాడు. ఆ కాలమంతా బాప్తిస్మాలు ఆపేశాడు, కూటి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని. కరవు సద్దుమణిగాక 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. చరిత్ర పుస్తకాలు ఆ అంకెనే గొప్పగా చెబుతాయి. అమ్మ చెప్పే కథలో అంకె ఉండదు. తట్టలో మట్టి మోసి మోసి నెత్తి మీద వెంట్రుకలు ఊడిపోయిన ఒక ఆడమనిషి ఉంటుంది. కాలువ పని అయిపోయాక, కూలి ఆగిపోయాక కూడా ఆమె నది దాకా నడిచి వెళ్లింది. కూలి ఆగాక నడిచింది, అది గుర్తుపెట్టుకో అంటుంది అమ్మ. అమ్మమ్మ చిన్న బైబిలులో మొదటి పేజీ మీద ఉన్న పేర్ల వరస ఆమెతోనే మొదలవుతుంది. ఆ వరసను కొత్త పుస్తకంలోకి నేనే ఎక్కించాను. ఈ ప్రతిలో కుటుంబం పేర్లు రాసుకోవడానికి ముందువైపు రెండు ఖాళీ పేజీలు ఇవ్వడం నాకు నచ్చిన విషయాల్లో ఒకటి. ఆ కాగితం మందంగా ఉండి సిరా పీల్చడం లేదు కూడా.

ఇక బరువు సంగతి. ఇది ఈ పుస్తకానికి ఉన్న అసలు లోపం. కిలోన్నర పుస్తకాన్ని పడుకున్న మనిషి ఒంటి చేత్తో ఎత్తి పట్టుకోవడం అసాధ్యం. మొదటి ఆరు నెలలూ దిండు మీద పెట్టి చూశాం, జారిపోయింది. మంచం మీదికి వచ్చే భోజనాల బల్ల మీద పెట్టాం, చదునుగా ఉంటే అమ్మ మెడ వంచాల్సి వచ్చి నొప్పి పుట్టింది. దీనికి పరిష్కారం పక్క మంచం నుంచి వచ్చింది. అక్కడ అమ్మ వయసే ఉన్న ఒక ముస్లిం తల్లికి అదే షిఫ్టులో డయాలసిస్ జరిగేది. నేను కీర్తనలు చదువుతుంటే కొన్నాళ్లు వింటూ ఊరుకుని, ఒక రోజు, "బేటీ, ఇవి దావూద్ పాటలే కదా? మేం జబూర్ అంటాం" అంది. అవునన్నాను. "కాస్త గట్టిగా చదువు, నాకు కుడి చెవి మందం" అంది. ఆ తర్వాతి వారం ఆమె కొడుకు ఒక సంచి తెచ్చి మా బల్ల మీద పెట్టాడు. అందులో వాళ్లింట్లో అదనంగా ఉన్న రెహల్ ఉంది. ఖురాను పెట్టుకుని చదివే మడత చెక్క పీఠం అది, మనవాళ్లు వ్యాసపీఠం అంటారే, అదే. దాని మీద పెట్టాక పుస్తకం రెండు వైపులా ఏటవాలుగా తెరుచుకుని నిలబడింది. ఆదికాండం కూడా మూసుకుపోలేదు. అమ్మ కుడి చేతి చూపుడువేలు ఒక్కటే చాలింది పేజీ తిప్పడానికి. ఈ బైబిలు కొనేవారందరికీ నా మొదటి సలహా, దానితో పాటు ఒక వ్యాసపీఠం కూడా కొనమని. పుస్తకం అచ్చు వేసేవారు దాన్ని జతగా ఇస్తే ఇంకా మేలు.

పక్క మంచం ఆమె ఇప్పుడు ఉదయం షిఫ్టుకు మారింది. అయినా మేమిద్దరం ఫోనులో మాట్లాడుకుంటాం. ఆమె అడిగేది ఎప్పుడూ ఒకటే, ఇవాళ ఎంతవరకు చదివారు అని.

ఇంకొక మాట గురించి చెప్పాలి. 130వ కీర్తనలో కావలివారు తెల్లవారడం కోసం చూసేదానికంటే ఎక్కువగా తన ప్రాణం ప్రభువు కోసం చూస్తోందని ఒక మనిషి అంటాడు. ఆ చూడటానికి పాత అనువాదం వాడిన మాట "కనిపెట్టుట". ఇవాళ కనిపెట్టడమంటే కొత్తదేదో కనుక్కోవడం. కానీ మా ఇళ్లలో ఇంకో వాడుక ఇప్పటికీ బతికే ఉంది. రోగిని కనిపెట్టుకుని ఉండు, పసిపిల్లను కనిపెట్టుకుని ఉండు అంటాం. ఒక రాత్రి అమ్మకు ఊపిరాడక అత్యవసరంగా ఆసుపత్రిలో చేర్చినప్పుడు డ్యూటీలో ఉన్న సిస్టరు నాతో, "మీరు కాసేపు కునుకు తీయండి, నేను కనిపెట్టుకుని ఉంటాను" అంది. నేను నిద్రపోలేదు. ఆ ఒక్క మాట పట్టుకుని కూర్చున్నాను. దేవుని కోసం కనిపెట్టడం అంటే దూరంగా ఉన్న ఎవరికోసమో దారి చూడటమని అన్నాళ్లూ అనుకున్నాను. రోగి పక్కన కూర్చుని ఊపిరి ఊపిరికీ రొమ్ము లేచి పడటం చూస్తూ ఉండటం కూడా ఆ మాటేనని, నన్నూ ఎవరో అలాగే చూస్తూ ఉండి ఉంటారని ఆ తెల్లవారుజామున తట్టింది. అమ్మకు అయిదున్నరకు ఆక్సిజన్ తగ్గించారు. విలాపవాక్యాలు మూడో అధ్యాయం 26వ వచనంలో కూడా ఇదే మాట ఉంది. దాని పక్కన అమ్మ పెన్సిలుతో అడ్డగీత ఒకటి గీసుకుంది. కాగితం పలచన అయినా పెన్సిలు గీత వెనక్కి దిగలేదు.

మిగతా రకాల గురించి క్లుప్తంగా. ఫోనులో చదివి వినిపించే ఆడియో బైబిలు ఉచితంగానే దొరుకుతుంది. అమ్మకు నిద్ర పట్టని రాత్రుళ్లు అదే వాడతాం. కానీ వెనక సంగీతం ఉన్న రికార్డింగులు డయాలసిస్ గదిలో మిషన్ల చప్పుడుతో కలిసి తలనొప్పి తెప్పిస్తాయి. పైగా ఒక మాట దగ్గర ఆగి దాన్ని మళ్లీ మళ్లీ చూసుకునే వీలు వినికిడిలో తక్కువ. కొత్త నిబంధన, కీర్తనలు మాత్రమే ఉన్న పెద్ద అక్షరాల చిన్న సంపుటం కూడా చూశాను. బరువు మోయలేనివారికి అది చాలు అనిపిస్తుంది కానీ, అందులో యోబు లేడు, విలాపవాక్యాలు లేవు. కష్టంలో ఉన్నవారి కోసం కొనే పుస్తకంలో ఆ రెండూ లేకపోవడం నాకు పెద్ద లోటు. బరువును పీఠంతో దాటవచ్చు, లేని పుస్తకాలను దాటలేం.

జిప్పు ఏడాదిలోపే మొరాయించింది, దర్జీ దగ్గర 60 రూపాయలకు మార్పించాను. పుస్తకాల పేర్లు పక్క అంచున మెట్లు మెట్లుగా కోసి అచ్చు వేసిన రకం దొరికితే అదే తీసుకోండి. వణికే వేళ్లతో విషయసూచిక దాకా వెళ్లి పేజీ నంబరు వెతుక్కునే అవస్థ తప్పుతుంది. ఒక్క రిబ్బను చాలదు కాబట్టి ఊదారంగు శాటిను రిబ్బను కొని ఇంకో రెండు కుట్టించాను, ఒకటి అమ్మది, ఒకటి నాది, ఒకటి ఉదయం షిఫ్టులో ఉన్న ఆమెకు ఫోనులో చదివి వినిపించే చోటుది. ఈ లోపాలన్నీ కలిపి చూసినా, చూపు తగ్గిన పెద్దవారు ఇంట్లో ఉంటే ఈ ప్రతి కొనమని గట్టిగా చెబుతాను.

ప్రస్తుతం విలాపవాక్యాలు నడుస్తున్నాయి. అయిదు అధ్యాయాల ఆ పుస్తకంలో నడిమి అధ్యాయానికి 66 వచనాలు, మిగతా నాలుగింటికీ తలా 22. సోమవారం మూడో అధ్యాయం 25వ వచనం దగ్గర ఉండగా మిషను అలారం మోగింది, సిస్టరు వచ్చి గొట్టం సరిచేసేసరికి టైము అయిపోయింది. అమ్మ రిబ్బను అక్కడే పెట్టించింది. బుధవారం 26తో మొదలుపెడతాం.